నేరేడుమందు రెండు చుక్కలు

ఏ వెంట్రుక చేతికి వచ్చినా అక్కయమ్మ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నిలువునా రుద్దేది. మెల్లగా, నాలుగైదు సార్లు. వెంట్రుక తనంతట తానే ఒక పక్కకు పాకేది. పాకిన వైపు కుదురు, రెండో వైపు కొస. కంటికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. తేడా వేళ్ళకు మాత్రమే తెలుస్తుంది.

పోను పోను ఆ అలవాటు వెంట్రుకల దగ్గర ఆగలేదు. దారం పోగు దొరికినా, చింతపండులో పీచు దొరికినా వేళ్ళు అదే పని చేసేవి. అన్నం ఉడికేదాకా పొయ్యి ముందు కూర్చుని చీర అంచులో లేచిన నూలును రుద్దుతూ ఉండేది.

"ఏమే, గాలిని గూడా రుద్దుతాండావా?" అనేది అత్త పుట్టమ్మ. ఆ రుద్దడం నేర్పింది ఆమే.

బాగేపల్లిలో సంతవీధి వెనక వాళ్ళది మట్టిమిద్దె. భర్త ఆంజనేయప్పకు ఊరి బయట రెండెకరాల చెనక్కాయల చేను ఉంది. ఆ వీధి ఆడవాళ్ళు తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలను చుట్టచుట్టి గోడ సందులో దోపి పెట్టుకునేవాళ్ళు. గుప్పెడు కాగానే తెచ్చి అక్కయమ్మకు ఇచ్చేవాళ్ళు. ఆమె చిక్కు తీసి, సీకాయతో కడిగి, కుదుళ్ళన్నీ ఒక వైపు, కొసలన్నీ ఒక వైపు వచ్చేట్టు ఏరి, రెండు పుల్లల మధ్య బిగించిన దారాల మీద అల్లి, సవరం చేసి ఇచ్చేది. ఏరకుండా అల్లితే ఒక వెంట్రుక ఇంకోదాన్ని పట్టుకుంటుంది. రెండు రోజుల్లో సవరం పిచ్చుకగూడు అవుతుంది.

ఇంట్లో ఇంకో పని కూడా ఉండేది. పుట్టమ్మ భర్త బతికున్నన్నాళ్ళు నాటకాలు ఆడించాడు. ఆయన పోయాక మిగిలింది ఒక రేకుపెట్టె. అందులో గడ్డాలు, మీసాలు, ఆడవేషాల జడలు, ముసలి వేషానికి జనపనారతో చేసిన జుట్టు ఒకటి. ఊళ్ళో ఎవరు నాటకం వేసినా ఆ పెట్టె ఇక్కడి నుంచే పోయేది. నాటకం అయ్యాక ఇక్కడికే వచ్చేది. తెగినవి కుట్టడం, ఊడినవి అతకడం అక్కయమ్మ పని.

కూతురు యశోద పోయి పదకొండు నెలలు దాటింది.

పదహారేళ్ళ పిల్ల. ఇరవై ఒక్క రోజులు జ్వరం. తలకు తడిగుడ్డ వేయడానికి అడ్డమని జుట్టు తీసేయమన్నారు ఆసుపత్రిలో. జడ అల్లి, రెండు కొసలూ దారంతో కట్టి, అక్కయమ్మే కత్తిరించింది. తరువాత పిల్లకు నోరంతా పూసి పుండ్లయింది. కాంపౌండరు మునిశామప్ప చిన్న సీసాలో ఊదారంగు మందు పోసి ఇచ్చాడు. ఊళ్ళో దాన్ని నేరేడుమందు అంటారు. పుల్లకు దూది చుట్టి పూటపూటా పెదవులకూ నాలుకకూ రాసేది. యశోద ఒకసారి అద్దం అడిగి తీసుకుని చూసుకుంది.

"నేరేడుపండ్లు దొంగతనం చేసి దొరికిపోయినట్టుండా గదమ్మా" అంది.

అది అన్న నాలుగో రోజు పోయింది. పెండ్లి కాని పిల్ల గనుక పూడ్చారు. మనిషిని ఎత్తుతున్నప్పుడు అక్కయమ్మకు చెక్కపెట్టెలో ఉన్న జడ గుర్తొచ్చింది. నోరు తెరిచి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకే తెలియదు.

ఆ రోజు ఆమె ఏడవలేదు. ఆ తరువాత కూడా ఏడవలేదు. వండింది, వడ్డించింది, నీళ్ళు చేదింది, సవరాలు అల్లింది. ఒకటి రెండు సార్లు లోపల ఏముందా అని వెదికి చూసుకుంది. సామాను తీసేసి సున్నం కొట్టిన గదిలా ఉంది. తలుపు వేసి మళ్ళీ పనిలో పడింది.

"ఒకపారి గట్టిగా ఏడ్చేయవే" అని పుట్టమ్మ అంది.

"రాలేదత్తా" అంది అక్కయమ్మ.

చైత్రమాసం సగమైంది. ఒకరోజు పొద్దున పుట్టమ్మ పాతగుడ్డ కోసం చెక్కపెట్టెలో చెయ్యి పెట్టింది. ఆమె కళ్ళకు పొరలొచ్చి నాలుగేళ్ళయింది. మనిషిని గొంతుతో, వస్తువును చేత్తో పోల్చుకుంటుంది. చెయ్యి బయటికి తీసేసరికి అందులో జడ ఉంది.

ఆమె చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇది ఇంకా ఇంట్లోనే ఉండాదా?"

"ఉండాది."

"గుంతలో పెట్టాల్సింది గదే దీన్ని. తలవెంట్రుకలు ఇంట్లో దాచిపెట్టుకుంటే పోయినోళ్ళు గడప దాటలేరు. ఆ బిడ్డ యాడికని పోతాది?"

అక్కయమ్మ చేట పక్కన పెట్టింది.

"ఏడాది నిండేపొద్దు బిడ్డకు ఇష్టమైనవి వండి ఆకేసి ఎడ పెడ్తాము గదా. ఎడ పెట్టేదానికి ముందు దీన్ని ఏట్లో ఇడిసిపెట్టాల."

"చిత్రావతిలో నీళ్ళు యాడుండాయత్తా ఇప్పుడు?"

"ఇసకలో చెలమ తోడు. చెలమలో ఇడిస్తే చాలు. నేనే వచ్చి నా చేత్తో ఇడుస్తా."

"సరే అత్తా" అంది అక్కయమ్మ. జడను తీసుకుని మళ్ళీ పెట్టెలో పెట్టింది.

ఆ మధ్యాహ్నమే గంగాధరప్ప వచ్చాడు. ఆయన నాటకం నేర్పే మేష్ట్రు, హార్మోనియం కూడా ఆయనదే. గడపలో చెప్పులు విడవకముందే మాట మొదలుపెట్టాడు.

"అక్కయమ్మా, కొంప మునిగింది."

"ఏమైంది మేష్ట్రే?"

"మన వీధికి కరెంటు వచ్చింది."

"కరెంటొస్తే కొంప మునుగుతాదా?"

"మనకు మునిగింది. నిన్న ఇస్కూలు పడసాలలో దీపం కింద నీ మొగునికి ఆ నారజుట్టు పెట్టి చూసినా. ముసలిరాజును చేద్దామంటే గోనెసంచి అయినాడు. పెట్రోమాక్సు మంచి మనసుది, అన్నీ కప్పిపెట్టేది. ఈ దీపం చాడీకోరు. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాండాది."

పుట్టమ్మ మూలనుంచి నవ్వింది. "మా ఆయనుంటే దీపాన్నే ఆర్పించి ఆడించేవాడు" అంది.

"ఆర్పే మాట లేదు పెద్దమ్మా. దీపం వచ్చిందనే గదా నాటకం ఆడిస్తాండారు. నాకు నిజమైన జుట్టు కావాల. నెరిసిన జుట్టు. మూరెడు పొడుగు."

"ముసలోళ్ళకు మూరెడు జుట్టు యాడుంటాది మేష్ట్రే? ఉన్నా ఒకరిది గుప్పెడు చాలదు" అంది అక్కయమ్మ.

"నల్లదాన్నే తెల్లగా చేస్తారంట. మునిశామప్ప చెప్పినాడు. బెంగుళూరులో దొరసానులు చేసుకుంటారంట."

"దొరసానులు తెల్లగానే ఉంటారు గదా. ఇంకా తెలుపెందుకు?"

"వాళ్ళను అడిగి చెప్తాలే. ముందు నాకు రాజును చెయ్యి."

"నాటకం ఎప్పుడు?"

ఆయన చెప్పాడు. పన్నెండు రోజులుంది. ఆ మరుసటి పొద్దే యశోదకు ఎడ పెట్టాల్సిన రోజు. ఆ సంగతి ముగ్గురికీ తట్టింది.

"తేదీ నేను పెట్టింది కాదమ్మా" అన్నాడు గంగాధరప్ప గొంతు తగ్గించి.

"పెట్టింది ఎవరైతే ఏముంది" అంది అక్కయమ్మ. ఆమె వేళ్ళు కొంగు అంచులో ఒక పోగును రుద్దుతున్నాయి.

మూరెడు పొడవు, ఒకే తలది, కుదుళ్ళన్నీ ఒక వైపు. వీధివాళ్ళు తెచ్చిచ్చే ఏరుడు వెంట్రుకలతో అది రాదు. అలాంటిది ఇంట్లో ఒకటే ఉంది.

ఆమెకు వచ్చిన ఆలోచన చిన్నది. జుట్టు తెల్లబడితే అది యశోదది కాదు. యశోదది కాకపోతే చెలమలో వదలనక్కర్లేదు. నాటకం పెట్టెలో ఉంటుంది. ఊళ్ళోకి పోయినా మళ్ళీ ఇంటికి వస్తుంది. అంతకు మించి ఆమె ఆలోచించలేదు. చెలమకు ఏమిచ్చేదీ అప్పటికి తోచలేదు.

"చూస్తా మేష్ట్రే" అంది.

మునిశామప్ప మనిషిని పంపి చిక్కబళ్ళాపురంలోని మందుల అంగడి నుంచి పెరాక్సైడు తెప్పించాడు. గోధుమరంగు సీసా, నీళ్ళలాంటి మందు. వట్టి మందు పని చేయదనీ, అమోనియా చుక్కలు పడాలనీ చెప్పాడు. అమోనియా దొరకలేదు. పాత్రలకు కళాయి పోసేవాడి దగ్గర నవాసాగరం ఉంటుంది. దాన్ని సున్నంతో కలిపితే అదే ఘాటు లేస్తుంది, అది చాలన్నాడు.

అక్కయమ్మ ముందు ఏరుడు వెంట్రుకల పాయ ఒకటి తీసుకుంది. ఇత్తడిగిన్నెలో మందు పోసి అందులో వేసింది. మందు బుసబుసమని పొంగింది. గిన్నె పట్టుకోలేనంత వేడెక్కింది. కర్రతో తీసేసరికి వెంట్రుకలు పొడిపొడిగా రాలాయి.

"ఇత్తడిలో పోసినావా? లోహం తగలగూడదమ్మా" అన్నాడు మునిశామప్ప.

"మీరు చెప్పలేదు గదప్పా."

"నువ్వు అడగలేదు గదమ్మా."

ఆమె ఊరగాయ జాడీ కడిగి ఎండబెట్టింది. మిద్దె మీదికి తీసుకుపోయింది. అక్కడే జడ విప్పింది. కట్టిన దారం ఊడదీయగానే మూడు పాయలూ వాటంతట అవే విడిపోయాయి. ఏడాదిగా అల్లుకుని ఉన్నందువల్ల వంకీలు అట్లాగే ఉన్నాయి. ఒక వెంట్రుకను రుద్ది చూసింది. అక్కర్లేదు, ఏది కుదురో తెలుసు. అయినా రుద్దింది. తరువాత మొత్తం జాడీలో దించి మందు పోసింది.

నవాసాగరం, సున్నం కలిపేటప్పుడు ఘాటు ముక్కులోకి కొట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. పదకొండు నెలల్లో అదే మొదటిసారి. కొంగుతో తుడుచుకున్నా ఆగలేదు. ఆమె ముక్కు ఎగబీల్చే చప్పుడు కింద ఉన్న పుట్టమ్మకు వినిపించింది.

"ఏడుస్తాండావా అక్కయ్యా?"

"లేదత్తా. నవాసాగరం."

"అయినా మంచిదేలే, కారనీ" అంది పుట్టమ్మ.

మొదటి రోజు జుట్టు తుప్పురంగుకు వచ్చింది. రెండో రోజు రాగి. మూడో రోజు, నాలుగో రోజు ఎండలో పెట్టి మందు మార్చింది. ఐదో రోజుకు ఇత్తడి. తోమిన ఇత్తడిచెంబు రంగు. ఎండ పడితే ఇంకా పచ్చగా మెరిసింది. మరొక్కసారి మందులో వేద్దామని ఒక వెంట్రుకను తీసి లాగి చూసింది. తడిగా ఉన్న ఆ వెంట్రుక జిగురులా సాగి తెగిపోయింది. ఇంక మందు తట్టుకోదు. తెలుపు రాలేదు. నలుపుకు తిరిగి పోయే దారీ లేదు.

సాయంత్రం చేను నుంచి వచ్చిన ఆంజనేయప్ప దండెం మీద ఆరేసిన జుట్టు ముందు నిలబడ్డాడు. ఆయన మాట తక్కువ మనిషి. వేషం కడితేనే నోరు పెద్దదవుతుంది.

"మొక్కజొన్న కంకి పీచు మాదిరి ఉండాదే" అన్నాడు.

"ఇంకా పని ఉండాది."

"యాడిది ఇంత జుట్టు?"

"ఎవరిదో."

ఆయన చేతులు కడుక్కోవడానికి పోయాడు. పోతూ చెక్కపెట్టె వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ అడగలేదు.

పచ్చబడిన పంచెను తెల్లగా చేయాలంటే నీలి పెట్టాలి. అది ఆ వీధిలో అందరికీ తెలిసిన పని. అక్కయమ్మ బొక్కెన నీళ్ళలో నీలి కలిపి జుట్టు ముంచింది. పంచెకు ఎంత వేస్తుందో అంతే వేసింది. తీసి ఆరేసింది. ఆరుతున్న కొద్దీ జుట్టు పచ్చబడింది. ఈసారి పసుపుపచ్చ కాదు, ఆకుపచ్చ.

ఆ సమయానికే గంగాధరప్ప వచ్చాడు. చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"రాజు కావాలంటే చిలకను ఇస్తాండావే తల్లీ."

"కడిగితే పోతాదిలే మేష్ట్రే."

"పోకుంటే చెప్పు. పాట మార్చి రాస్తా. రాజుగారు శాపం తగిలి చిలకైనాడని."

పుట్టమ్మ నవ్వి నవ్వి దగ్గింది. అక్కయమ్మకు కూడా నవ్వు వచ్చేదే. నవ్వు ఎక్కడో బయలుదేరి దారిలో ఆగిపోయింది. ఆమె బొక్కెన వంచి నీళ్ళు పారబోసింది.

సీకాయతో రెండుసార్లు, నిమ్మరసంతో ఒకసారి కడిగింది. ఆకుపచ్చ పోయింది. ఇత్తడి తిరిగి వచ్చింది. నాటకం ఇంక ఐదు రోజులు.

ఆ మధ్యాహ్నం ఆమె జుట్టును ఒక పాత తుండుగుడ్డలో చుట్టి నీరు పిండింది. గుడ్డను విదిలించి దండెం మీద వేసింది. వేసి, చూస్తూ నిలబడిపోయింది.

ఆ గుడ్డ తెలుసు. యశోద మూతి తుడిచిన గుడ్డ. ఊదామరకలు పడి ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు, ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు గుడ్డంతా పాతబడి పసుపుగా ఉంది. మరకలు ఉండిన చోట్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. మిగతా గుడ్డ కన్నా తెలుపు. ఒక్కొక్క మచ్చా రూపాయిబిళ్ళంత. ఇదివరకు కూడా చూసింది ఆమె. చూసి మడత పెట్టింది, అంతే.

గూట్లో ఆ నేరేడుమందు సీసా ఉంది. దీపపు మసి, దుమ్ము పట్టి ఉంది. బిరడా బిగుసుకుపోయింది. పళ్ళతో లాగింది. అడుగున రెండు అంగుళాల మందు మిగిలి ఉంది. చిక్కటి ఊదా. పెదవి మీద ఒక చుక్క పడింది. ఆమె తుడుచుకోలేదు.

పిడికెడు ఏరుడు వెంట్రుకలను కూడా ఇత్తడిరంగు దాకా తెచ్చి పక్కన పెట్టుకుని ఉంది. ముందు వాటి మీద చూసింది. చెంబుడు నీళ్ళలో రెండు చుక్కలు వేస్తే వెంట్రుకలు వంకాయ పువ్వులా అయ్యాయి. ఎక్కువైంది. బొక్కెనడు నీళ్ళలో రెండు చుక్కలు వేసింది. నీళ్ళకు రంగు ఉందో లేదో తెలియనంత ఉంది. వెంట్రుకలు ముంచి, పది దాకా లెక్కపెట్టి తీసింది. ఆరాక చూస్తే పసుపు లేదు. ఊదా కూడా లేదు. ఒకటి రెండోదాన్ని తినేసింది.

అప్పుడు జుట్టంతా ముంచింది. కుదుళ్ళు పట్టుకుని, కొసలు ముందు దించి, నీళ్ళలో మెల్లగా ఆడించింది. పిల్లకు తలంటేటప్పుడు కూడా ఆమె చెయ్యి అట్లాగే ఆడేది. చేతికి అది గుర్తుందేమో. ఆమెకు ఏమీ అనిపించలేదు.

సాయంత్రానికి ఆరింది. నెరిసిన జుట్టు. సున్నపు తెలుపు కాదు, నార తెలుపు కాదు. ఎనభై ఏళ్ళు బతికిన మనిషి తల మీద ఉండే తెలుపు.

రెండు రోజులు పుల్లల మధ్య దారాలు బిగించి అల్లింది. వరుసలు వరుసలుగా గుడ్డటోపీ మీద కుట్టింది. మూడో రోజు పొద్దున బోర్లించిన కుండకు తొడిగి, వాకిట్లో నీడపట్టున పెట్టి, నీళ్ళకు పోయింది.

బిందెతో తిరిగి వచ్చేసరికి పుట్టమ్మ కుండ పక్కన కూర్చుని ఉంది. ఆమె చెయ్యి జుట్టు మీద ఉంది. పైనుంచి కిందికి, పైనుంచి కిందికి నిమురుతోంది. ఒక వెంట్రుకను పట్టుకుని రుద్దింది. ఇంకోదాన్ని రుద్దింది. మూడోదాన్ని.

అక్కయమ్మ బిందె దించలేదు.

"అన్నీ ఒక పక్కకే పోతాండాయి" అంది పుట్టమ్మ. "ఒకే తలది."

"ఊఁ."

"ఎవరిదే?"

"ఎవరో ముసలామెదంట అత్తా."

పుట్టమ్మ వంకీ ఒకటి వేలికి చుట్టుకుంది. విడిచింది. అది మళ్ళీ చుట్టుకుంది.

"ముసలామెకు ఇంత జుట్టా! గట్టి మనిషి. ఎన్నేండ్లు బతికింటాదంటావు?"

"నాకేం తెలుసత్తా."

"ఎనభై ఉంటాయి. పెండ్లయి, పిల్లోళ్ళు పుట్టి, వాళ్ళ పిల్లోళ్ళకు జడలేసి ఉంటాది."

"ఉండచ్చు" అంది అక్కయమ్మ.

బిందె నడుం మీది నుంచి దించి లోపలికి పోయింది.

ఆ సాయంత్రం ఆమె ఏరుడు వెంట్రుకల మూట విప్పింది. వీధిలో అందరివీ ఉన్నాయి అందులో. నల్లవి తీసి, ఒకదానికొకటి అతికించి, మూరెడు పొడవు జడ అల్లింది. రెండు కొసలూ దారంతో కట్టింది. ఏది కుదురో ఏది కొసో చూడలేదు. పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఏరకుండా అల్లింది అదొక్కటే. నీళ్ళలోకి పోయేదానికి ఏ వైపైతే ఏమి అనుకుంది. దాన్ని చెక్కపెట్టెలో, పాత జడ ఉండిన చోట పెట్టింది.

నాటకానికి చింతామణి నుంచి కూడా జనం వచ్చారు. అక్కయమ్మ రంగస్థలం పక్కన పెట్టె దగ్గర కూర్చుని చూసింది. ఆంజనేయప్ప ముసలిరాజుగా వచ్చి దీపం కింద నిలబడ్డాడు. నారజుట్టు ఎప్పుడూ కదిలేది కాదు. ఇది కదిలింది. ఆయన తల తిప్పినప్పుడల్లా అది ఒక క్షణం ఆలస్యంగా తిరిగింది. ఎవరో ఆయన వెనక నిలబడి తల తిప్పినట్టు. పద్యం మధ్యలో ఆయన ఒకసారి చెయ్యెత్తి జుట్టును ముట్టుకున్నాడు. అది నేర్పినది కాదు. గంగాధరప్ప హార్మోనియం మీది నుంచి తలెత్తి చూశాడు.

మామూలుగా ఆయన వేషం విప్పగానే జుట్టును పెట్టెలోకి విసిరేవాడు. ఆ రోజు తువ్వాలులో పెట్టి తెచ్చి ఆమె చేతికి ఇచ్చాడు.

"బరువుండాది" అన్నాడు.

"నిజం జుట్టు గదా" అంది ఆమె.

మరుసటి పొద్దున ముగ్గురూ చిత్రావతికి పోయారు. ఏరంతా ఇసుక. ఆంజనేయప్ప చెలమ తోడాడు. మోకాలి లోతున నీరు ఊరింది. ఊరిన నీరు తేటపడేదాకా కూర్చున్నారు. ఆ తరువాత ఆయన ఎడకు అరిటాకులు తెస్తానని తోట వైపు పోయాడు.

అక్కయమ్మ గుడ్డ విప్పి జడను అత్త చేతిలో పెట్టింది.

పుట్టమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. కట్టిన దారం విప్పింది. ఒక వెంట్రుకను లాగి వేళ్ళ మధ్య రుద్దింది. అది పైకి పాకింది. రెండోది లాగింది. అది కిందికి పాకింది. మూడోది పైకి. నాలుగోది కిందికి.

ఆమె మొహం ఎత్తి అక్కయమ్మ ఉన్న వైపు పెట్టింది. పొరలు కమ్మిన కళ్ళు. అక్కయమ్మ ఇసుకలో కూర్చుని ఆమె అడుగుతుందని ఎదురుచూసింది. అడిగితే చెప్పేసేది. చెప్పడానికి కష్టం కూడా ఏమీ లేదు.

"చెలమ లోతుగా తోడినాడా వాడు?" అని అడిగింది పుట్టమ్మ.

"తోడినాడత్తా."

"సరే."

ముందుకు వంగి రెండు చేతులూ నీళ్ళలో పెట్టింది. వేళ్ళు విప్పింది. వెంట్రుకలు విడిపోయి నీటి మీద పరుచుకున్నాయి.

"పోండి తల్లీ" అంది. "అందరూ పోండి."

చేతులు కడుక్కుని, అక్కయమ్మ భుజం పట్టుకుని లేచింది. ఇసుకలో మెల్లగా నడిచారు. గట్టు మీద పుట్టమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"ఆ తెల్లజుట్టుకు నూనె తగలనీకు" అంది.

"తగలనీయను."

"చెమట కూడా చేటే. పసుపు తేలుతాది. చూసుకుంటా ఉండాల."

"చూసుకుంటా అత్తా."

ఇంటికి వచ్చి ఆకు వేసి ఎడ పెట్టారు. అన్నం, పప్పు, యశోదకు ఇష్టమని అలసందల వడలు. కాకి వచ్చి తిన్నది. వాళ్ళూ తిన్నారు.

ఆ మరునాడు పొద్దున అక్కయమ్మ వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, రేకుపెట్టె తెరిచి తెల్లజుట్టును బయటికి తీసింది. నుదుటి దగ్గర, చెవుల దగ్గర ఆంజనేయప్ప చెమటా బంకా పట్టి అప్పుడే కొంచెం పసుపు తిరిగింది. సీకాయ నీళ్ళతో కడిగింది. బొక్కెన నిండా నీళ్ళు చేది, గూట్లోంచి సీసా తీసి, బిరడా పళ్ళతో లాగి, రెండు చుక్కలు వేసింది. ముంచి, పది దాకా లెక్కపెట్టి, తీసి, కుండకు తొడిగి నీడలో పెట్టింది. సీసాను వెలుగుకు ఎత్తి చూసింది. ఇంకా రెండు అంగుళాలకు కొంచెం తక్కువ ఉంది. బిరడా గట్టిగా బిగించి గూట్లో లోపలికి జరిపి, పొయ్యి వెలిగించడానికి పోయింది.